కుమారి మృదులా సారాభాయి – విడిపోయిన కుటుంబములను కలిపిన వనిత

దానములలో అభయదానము మిన్నయని మన ధర్మము బోధించుచున్నది. ఆహారదానము, ఔషధదానము, విద్యాదానము అను మూడింటిని మన సమాజమువారు తాము నివసించు ప్రతి ఊరిలోను తమ శక్తికొలది చేయుచునే యున్నారు. నాలుగవదైన అభయదానము మాత్రము చెక్కు వ్రాసి యిచ్చుటతో తీరునది కాదు. భయపడినవారి చెంతకు మనిషి స్వయముగా పోవలెను, వారి మాట వినవలెను, వారికి తోడుగా నడువవలెను. అట్టి దానమునకే తన జీవితమును ధారపోసిన వనిత కుమారి మృదులా సారాభాయి. ఈమె జైన వర్తక కుటుంబమున జన్మించి, దేశవిభజన కాలమున చెరపట్టబడిన స్త్రీలను, తప్పిపోయిన బిడ్డలను తమ వారి చెంత చేర్చుటకై రెండు ప్రభుత్వముల నడుమను, సేవాసంఘముల నడుమను వారధిగా నిలిచెను. ఆ పనివలన ఎందరికి మేలు కలిగినదో, ఎందరి మనస్సు నొచ్చినదో రెండును తెలిసికొనదగినవి గాన, ఆమె జీవితమును ఈ సంచికలో పాఠకుల ముందుంచుచున్నాను.

యానామువంటి చిన్న పట్టణమున నుండి పంజాబు సంగతి వ్రాయుటేమని ఎవరైనను అనుకొనవచ్చును. కాని సరిహద్దు గీత యనగా నేమో మన యానామువారికి తెలిసినంతగా కోస్తాలో మరెవ్వరికిని తెలియదు. ఆ గీతకు ఇవతల ఫ్రెంచి చట్టము, అవతల ఇంగ్లీషు చట్టము నడిచిన రోజులను మన పెద్దలు చూచినారు. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1930లో అమలులోనికి వచ్చినప్పుడు, పొరుగు ఊళ్ళవారు పిల్లలను వెంటబెట్టుకొని యానాము వచ్చి పెండ్లిండ్లు జరిపించుకొని పోయెడివారు. అందువలననే ఈ ఊరికి కళ్యాణపురమను పేరు వచ్చినది. 1954 నవంబరు 1వ తేదీన పరిపాలన భారత ప్రభుత్వము చేతికి వచ్చినది. 1962 ఆగస్టు 16న ఒప్పందము పూర్తిగా చెల్లుబాటైన పిమ్మట, కోరినవారు ఆరు నెలలలోగా వ్రాతపూర్వకముగా ఫ్రెంచి పౌరసత్వమును ఎంచుకొనవచ్చునని వీలు కల్పింపబడినది. ఈ ఏర్పాటులో ముఖ్యమైన మాట యొకటి కలదు. ఏ దేశపు మనిషివి కాదలచితివని మనిషినే అడిగినారు. 1947లో పంజాబున గీత గీచినప్పుడు అట్లు అడిగినవారు లేరు. మృదులా సారాభాయి కథయంతయు ఆ అడుగకపోవుటకు సంబంధించినదే.

ఆమె 1911 మే 6వ తేదీన అహమ్మదాబాదులో జన్మించెను. తండ్రి అంబాలాల్ సారాభాయి, తల్లి సరళాదేవి. కాలికో మిల్లుల యజమానిగా అంబాలాల్ పేరు దేశమంతటను తెలిసినదే. ఆయన ఎనిమిదిమంది సంతానములో మృదుల మొదటిది. శ్రీహరికోటనుండి రాకెట్టు ఎగిరినప్పుడెల్ల మనము స్మరించుకొను శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయి ఈమెకు తమ్ముడు.

ఆ యింటి తీరును తెలుపు రెండు సంగతులు చెప్పవలెను. గాంధీమహాత్ముడు 1915లో అహమ్మదాబాదు చెంత కోచరబులో ఆశ్రమము స్థాపించి, హరిజన కుటుంబము నొకదానిని అందు చేర్చుకొనెను. దానితో అంతవరకు సాయము చేసిన ధనికులు చేయి ముడుచుకొనిరి. ఆశ్రమము మూతపడునేమో యనునట్టి దినమున ఒక షావుకారు మోటారు కారులో వచ్చి, 13,000 రూపాయలు గాంధీజీ చేతబెట్టి, లోపలికైనను రాక వెడలిపోయెను. ఆ దాత అంబాలాల్ సారాభాయియే యని తరువాత లోకము తెలిసికొనినది. పేరు వేయించుకొనని దానమది.

రెండవది 1918 నాటి సంగతి. అహమ్మదాబాదు మిల్లు కార్మికులు కూలిరేట్లకై సమ్మె కట్టిరి. యజమానుల పక్షమున ముందు నిలిచినవాడు అంబాలాల్. కార్మికుల పక్షమున ముందు నిలిచినది ఆయన సొంత అక్క అనసూయాబెన్. గాంధీజీ ఆ సమ్మెలో ఉపవాసము చేసెను. అక్కాతమ్ములు ఎదురెదురుగా నిలిచియు ఒకరిపై నొకరికి గల ప్రేమను విడువలేదు. ఆరేండ్ల మృదుల ఇదంతయు కన్నులార చూచినది. నమ్మిన పనికై సొంతవారితోనైనను విభేదింపవచ్చునను పాఠము ఆ బాలికకు ఆనాడే అబ్బినదని చెప్పవచ్చును.

సారాభాయి పిల్లలకు ఇంటివద్దనే దేశీయులు, విదేశీయులు అగు ఉపాధ్యాయులు చదువు చెప్పిరి. తరువాత మృదుల గుజరాత్ విద్యాపీఠమున చేరెను. 1930 ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకు పోయెను. విదేశీ వస్త్రముల అంగళ్ళ ముందు పికెటింగు చేసిన స్త్రీలను కూడగట్టెను. మిల్లు యజమాని కుమార్తె ముతక ఖద్దరు సల్వారు కమీజు ధరించి, జుట్టు పొట్టిగా కత్తిరించుకొని, వీధులలో తిరుగుచుండగా ఆ కాలపువారు ముక్కున వ్రేలు వేసికొనిరి. ఆమె దానిని లక్ష్యపెట్టలేదు. వివాహము చేసికొనలేదు. 1934లో అహమ్మదాబాదున జ్యోతిసంఘమను స్త్రీల సంస్థను స్థాపించెను. ఇంటిలో హింసకు గురియైనవారికి, భర్త విడిచినవారికి, చేతిపని నేర్చి తమ కాళ్ళపై నిలువగోరినవారికి అది ఆశ్రయమైనది. పరుల చేత చిక్కిన స్త్రీని విడిపించి తెచ్చు పనిలో మృదులాబెన్‌కు తొలి అనుభవము ఇక్కడనే కలిగినది.

కస్తూరిబా స్మారక నిధి పనులలోను ఆమె బాధ్యత వహించెను. 1946లో జవహర్‌లాల్ నెహ్రూ ఆమెను కాంగ్రెసు ప్రధాన కార్యదర్శులలో ఒకరిగా నియమించెను. అంతటి పదవిలో ఆమె ఎక్కువకాలము నిలువలేదు. మతకలహములు చెలరేగుచున్న దినములవి. 1947 తొలి నెలలలో గాంధీజీ బీహారున ఊరూర తిరుగుచున్నప్పుడు ఆమె అచ్చట శాంతి పనిలో నుండెను. ఆగస్టులో పంజాబు తగులబడగానే అచ్చటికి పోయెను.

అప్పటి పంజాబు స్థితిని వివరముగా వర్ణించుటకు చేయి రాదు. కోటికి మించిన జనము ఇల్లువాకిళ్ళు విడిచి, రైళ్ళలోను, ఎడ్లబండ్లలోను, కాలినడకను అటునుండి ఇటు, ఇటునుండి అటు పారిపోయిరి. ఆ గందరగోళమున వేలకొలది స్త్రీలు, బాలికలు దుండగుల చేత చిక్కిరి. కొందరిని దారిలో బిడారులనుండి లాగికొనిరి. కొందరిని మగవారిని చంపిన యిండ్లనుండి ఎత్తుకొనిపోయిరి. కొందరిని ఒకరినుండి ఒకరు కొనుక్కొనిరి. మతము మార్చి పెండ్లియాడినట్లు చెప్పికొనిరి. ఈ పాపమునందు ఏ మతమువారును వెనుకబడలేదు. భారతదేశమున చిక్కిన ముస్లిము స్త్రీలు 50,000 మంది, పాకిస్తానున చిక్కిన హిందూ, సిక్కు స్త్రీలు 33,000 మంది యుందురని ప్రభుత్వములు అంచనా వేసెను.

1947 సెప్టెంబరులోనే ఉభయ దేశముల నాయకులు లాహోరున కలిసికొని, ఈ స్త్రీలను తిరిగి తమ వారికి అప్పగించవలెనని నిశ్చయించిరి. డిసెంబరు 6వ తేదీన లాహోరులోనే జరిగిన సమావేశమున పద్ధతి ఏర్పడినది. 1947 మార్చి 1వ తేదీ తరువాత జరిగిన బలవంతపు మతమార్పిడులను, పెండ్లిండ్లను రెండు ప్రభుత్వములును గుర్తింపరాదు. ఏ దేశమున స్త్రీ యున్నదో ఆ దేశపు పోలీసులే ఆమెను వెదకి విడిపించవలెను. ఆ పోలీసులకు తోడుగా స్త్రీ సేవకురాండ్రు పోవలెను. విడిపించినవారిని శిబిరములలో నుంచి, సైనిక రక్షణలో సరిహద్దు దాటింపవలెను. భారత ప్రభుత్వము తరఫున ఈ సేవకురాండ్రనందరను కూర్చి, పనినంతను నడుపు ముఖ్య నిర్వాహకురాలిగా మృదులాబెన్ నిలిచెను.

కాగితముపై వ్రాసినంత సులభముగా ఈ పని సాగలేదు. ముందుగా జాబితా కావలెను. ఢిల్లీలోను, అమృతసరులోను, జలంధరులోను కాందిశీకులు వచ్చి తమ కూతురు, చెల్లెలు, కోడలు ఏ ఊరిలో, ఏ తేదీన, ఎట్లు తప్పిపోయినదో చెప్పుదురు. ఆ వివరములు వ్రాసికొని అవతలి దేశమునకు పంపవలెను. అవతలివారి జాబితా ఇవతలికి వచ్చును. ఒకే పేరు గలవారు పదిమంది యుందురు. ఊరి పేరు తప్పుగా వ్రాసియుందురు. పోలీసులు పోవుచున్నారని ముందుగా తెలిసినచో దాచినవాడు స్త్రీని వేరొక ఊరికి తరలించును. కొన్నిచోట్ల రక్షింపవలసిన ఉద్యోగులే ఆ నేరమున భాగస్థులు. కావున సమాచారము తెచ్చుటకు, రహస్యముగా చేరుటకు, తలుపు తట్టినప్పుడు లోపలి స్త్రీ బెదిరిపోకుండ మాటాడుటకు ప్రభుత్వ ఉద్యోగికంటె సేవాసంఘపు స్త్రీయే పనికివచ్చెడిది. పోలీసు బలము, వాహనము, చట్టము ప్రభుత్వమువి. ఓర్పు, నమ్మకము, ఆడుదాని మాట సేవకురాండ్రవి. ఈ రెండింటిని ఒక కాడికి కట్టి నడిపించుటయే మృదులాబెన్ నేర్పు.

ఆమె చుట్టును సమర్థురాండ్రు చేరిరి. గుజరాతునుండి వచ్చిన కమలాబెన్ పటేల్ లాహోరున గంగారామ్ ఆసుపత్రి భవనములోని శిబిరమును చూచుకొని, పాకిస్తానున విడిపింపబడినవారిని ఇవతలికి పంపుచుండెను. ఆమె తన అనుభవములను తరువాత గుజరాతీలో గ్రంథముగా వ్రాసెను. ఢిల్లీలో అనీస్ కిద్వాయీ పనిచేసెను. ఈమె భర్త షఫీ అహమ్మద్ కిద్వాయీ 1947 అక్టోబరులో ముస్సోరీలో హత్యకు గురికాగా, ఆ దుఃఖముతో గాంధీజీ చెంతకు పోయినది. ఆయన సూచనపై కాందిశీకుల శిబిరములలో సేవకు దిగినది. తన భర్తను చంపినవారి మతమువారి ఆడబిడ్డలకును ఆమె తల్లివలె నిలిచినది. మన క్షమాధర్మమునకు ఇంతకంటె ఉదాహరణ మేమి కావలెను?

మృదులాబెన్ నెహ్రూ మొదలగు నాయకులను నిస్సంకోచముగా కలిసికొనగలది. మంత్రులకు ఉత్తరములపై ఉత్తరములు వ్రాసెడిది. జిల్లా అధికారి పని సాగనీయకున్నచో పైవారిదాక పోయి సాగించుకొనెడిది. రాత్రియనక పగలనక తిరిగెడిది; తోడివారిని తిప్పెడిది. పట్టుదల, తొందర, కోపము ఆమెకు మెండని తెలిసినవారు చెప్పుదురు. ఆ పట్టుదలయే లేనిచో రెండు శత్రుప్రభుత్వముల నడుమ ఆ కాగితములు కదిలియుండవు. కాశ్మీరులో యుద్ధము జరుగుచున్న దినములలోనే ఈ ఒప్పందము నిలిచి సాగినదన్న సంగతి గమనింపదగినది. మిగిలిన విషయములలో ఎడమొగము పెడమొగముగా నున్న రెండు దేశములు ఆడబిడ్డల విషయమున ఒక బల్లచుట్టు కూర్చుండినవి.

విడిపించి తెచ్చుటతో కష్టము తీరలేదు. ఇవతల తండ్రియో భర్తయో వచ్చి చేరదీసికొనవలెను. పలువురు కన్నీటితో వచ్చి కూతుళ్ళను కౌగిలించుకొనిరి. కొందరు పరువుపేర వెనుదిరిగిరి. గర్భవతులైనవారిని, చంకన బిడ్డ నెత్తుకొనినవారిని చూచి గుమ్మము మూసినవారును కలరు. ఈ స్త్రీలయందు ఏ దోషమును లేదని, ఆదరముతో స్వీకరింపవలెనని గాంధీజీ, నెహ్రూ పలుమారులు దేశమునకు విజ్ఞప్తి చేయవలసివచ్చెను. ఎవరును రానివారికై జలంధరులోని గాంధీ వనితాశ్రమము వంటి గృహములు ఏర్పడినవి. అందు కుట్టుపని, నేతపని, చదువు నేర్పి, బ్రతుకుతెరువు చూపిరి. కుటుంబమును కలుపుట, కలుపలేనిచోట క్రొత్త బ్రతుకును నిలుపుట అను రెండు పనులును జంటగానే సాగవలెనని ఆ అనుభవము నేర్పినది.

ఇక ఈ కథలోని కఠినమైన భాగమునకు వచ్చుచున్నాను. కాలము గడచిన కొలది కొందరు స్త్రీలు తాము రామనిరి. కొందరు చెరపట్టినవాని భయమున అట్లనిరి. కొందరు పుట్టింటివారు చేరనీయరను భయమున అనిరి. కొందరికి బిడ్డలు పుట్టిరి. కొందరిని కాపాడి పెండ్లియాడినవారు మంచివారే. తల్లిదండ్రులు చనిపోయి, ఇల్లు కాలిపోయి, తిరిగి పోవుటకు చోటే లేనివారును కలరు. ఇట్టివారిని ఏమి చేయవలెను?

మృదులాబెన్ అభిప్రాయము ఖండితమైనది. చెరపట్టినవాని యింటిలో నున్నంతకాలము స్త్రీ నోట వచ్చు మాట ఆమె సొంత మాట కాదు. ముందు ఆమెను ఆ యింటినుండి బయటికి తేవలెను, తమవారి చెంత చేర్చవలెను. ఇష్టాయిష్టముల పేర వదలినచో నేరము చేసినవాడే గెలుచును. ఈ వాదములో బలము లేకపోలేదు. బెదిరిన మనిషి వాఙ్మూలమునకు విలువ తక్కువయని కోర్టుకు పోయిన ప్రతివానికిని తెలియును.

ఈ అభిప్రాయమునకు చట్టరూపము వచ్చినది. 1949 జనవరి 31న ఆర్డినెన్సు వెలువడినది. డిసెంబరులో గోపాలస్వామి అయ్యంగారు ప్రవేశపెట్టగా అపహృత వ్యక్తుల చట్టము ఆమోదింపబడినది. ఏ వయస్సు ముస్లిము స్త్రీయైనను, పదునారేండ్లకు లోబడిన బాలుడైనను, 1947 మార్చి 1 మొదలు 1949 జనవరి 1 లోపల కుటుంబమునుండి విడిపోయి అన్యుల చేతిలో నున్నచో అపహృతులుగా పరిగణింపబడుదురు. పోలీసు అధికారి వారంటు లేకుండ ఇల్లు సోదాచేసి వారిని శిబిరమునకు తీసికొనిపోవచ్చును. వివాదము వచ్చినచో భారతదేశపు పోలీసు సూపరింటెండెంటు ఒకరు, పాకిస్తాను సూపరింటెండెంటు ఒకరు కూర్చుండి తీర్పు చెప్పుదురు. నేను పోను, ఇక్కడనే యుందునని చెప్పు హక్కు ఆ స్త్రీకి ఆ చట్టమున ఎచ్చటను లేదు. పండిత ఠాకుర్‌దాసు భార్గవ మొదలగువారు సభలో దీనిని గట్టిగా ఆక్షేపించిరి. దొంగకును కోర్టుకు పోవు దారి యున్నది. ఏ నేరమును చేయని స్త్రీకి ఆ దారి లేకపోవుట ఆశ్చర్యము గదా! ఈ చట్టము చెల్లదని పంజాబు హైకోర్టు అభిప్రాయపడగా, 1952లో అజాయబ్ సింగ్ కేసున సుప్రీముకోర్టు చెల్లునని తీర్పు చెప్పినది.

ఈ చర్చలో మన గోదావరి గడ్డకు చెందిన మహిళ యొకరు పాల్గొనిరి. రాజమహేంద్రవరమున పుట్టి కాకినాడలో పెరిగిన దుర్గాబాయమ్మగారు ఆనాడు సభలో సభ్యురాలు. ఆమె బిల్లును సమర్థించిరి. అన్యుల యింట నున్న ఆ స్త్రీలు నిజముగా సుఖముగా నున్నారని మనమెట్లు నమ్మగలమని ఆమె ప్రశ్న. స్త్రీల కష్టములెరిగిన విదుషీమణి ఆమె. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలై, ప్రభుత్వ ధనమును ఊరూర సేవాసంఘములకు అందించు మార్గమును తరువాత ఆమెయే వేసిరి. అట్టివారు సమర్థించిన చట్టమును తేలికగా త్రోసిపుచ్చలేము.

అయినను ఇదే పనిలో మునిగిన మరొక పెద్దమనిషి వేరువిధముగా తలచెను. శ్రీమతి రామేశ్వరీ నెహ్రూ పునరావాస మంత్రిత్వశాఖలో స్త్రీల విభాగమును గౌరవ హోదాలో నడుపుచుండెను. ఒకమారు చెరపట్టబడినవారిని మరల ఇష్టము లేకుండ ఈడ్చుకొనిపోవుట రెండవ చెర యగునని ఆమెకు తోచినది. తమ మొర వినుమని ఏడ్చు స్త్రీలను బలవంతముగా సరిహద్దు దాటించుట న్యాయము కాదని భావించి, 1949లో ఆ బాధ్యతనుండి తప్పుకొనెను. అనీస్ కిద్వాయీకిని ఇట్టి సందేహమే కలిగినది. కమలాబెన్‌కైనను పసిబిడ్డలనుండి తల్లులను వేరుచేయవలసివచ్చినప్పుడు గుండె తరిగిపోయినది. మృదులాబెన్ మాత్రము తన త్రోవ విడువలేదు.

ఎనిమిదేండ్లలో ఇరుదేశములును కలిసి సుమారు 30,000 మంది స్త్రీలను, బిడ్డలను విడిపించెను. అందులో భారతదేశమునుండి పాకిస్తానుకు అప్పగింపబడిన ముస్లిములు 20,000కు పైబడినవారు. పాకిస్తానునుండి ఇవతలికి వచ్చిన హిందువులు, సిక్కులు 9,000కు పైబడినవారు. మనము ఎక్కువమందిని ఇచ్చినాము, వారు తక్కువమందిని ఇచ్చినారని సభలలో ఫిర్యాదులు వచ్చినవి. నేను జన్మమంతయు చిట్టా ఆవర్జాలు వ్రాసినవాడను. జమ, ఖర్చు సరిపోవలెనని చూచుట మాకు అలవాటు. కాని బస్తాల లెక్క వేరు, మనుష్యుల లెక్క వేరు. బస్తాను ఎచ్చటికి పోవుదువని అడుగనక్కరలేదు. మనుష్యుల జాబితాలో పేరు, తండ్రి పేరు, ఊరు అను గడుల ప్రక్కన, నీ కోరిక యేమి యను గడి యొకటి తప్పక యుండవలెను. ఆ చట్టము చేసినవారు ఆ గడిని గీయుట మరచిరి.

ఈ సందర్భమున మన రామకథ జ్ఞప్తికి వచ్చుచున్నది. విమలసూరి ప్రాకృతమున రచించిన పఉమచరియమున సీతాదేవి అగ్నిపరీక్షకు నిలిచినప్పుడు ఆ అగ్నిగుండము నీటి కొలనుగా మారును. రాముడు ఆమెను ఇంటికి రమ్మని వేడుకొనును. ఆమె అంగీకరింపదు. తన కేశములను తానే పెరికికొని, దీక్ష గైకొని ఆర్యికయగును. రాముడు మూర్ఛిల్లినను ఆమె నిశ్చయము మారదు. పోగొట్టుకొనిన స్త్రీని తిరిగి తెచ్చుకొనుటకై అంతటి యుద్ధము చేసిన రామునికిని, తుదకు ఆమె మాటయే శిరోధార్యమైనది. వేలయేండ్ల క్రిందట మన కవులు గ్రహించిన ధర్మసూక్ష్మమిది.

అట్లని మృదులాబెన్‌ను నిందించుట నా ఉద్దేశము కాదు. మన అనేకాంతవాదము ఒక వస్తువును పలు వైపులనుండి చూడుమని చెప్పును. ఒక వైపు చూచినచో, ఆమె పూనుకొననిచో వేలాదిమంది స్త్రీలు జీవితాంతము దాస్యమున మగ్గియుందురు. తల్లులు తమ బిడ్డల ముఖము మరల చూచియుండరు. మరొక వైపు చూచినచో, ఆమె పూనికవలననే కొందరు తమ రెండవ గూటినుండియు పెరికివేయబడిరి. రెండును నిజమే. మొదటి సంవత్సరమున సరియైన పద్ధతి నాలుగవ సంవత్సరమున సరికాకపోవచ్చును. చెర తాజాగా నున్నప్పుడు తలుపు పగులగొట్టి తెచ్చుట రక్షణ. బిడ్డలు పుట్టి కాపురము కుదిరిన తరువాత అదే పని దౌర్జన్యము కావచ్చును. కాలము మారినను పద్ధతిని మార్చకపోవుటయే అచ్చటి లోపమని నాకు తోచుచున్నది.

ప్రభుత్వములును దీనిని ఆలస్యముగానైనను గ్రహించెను. 1954లో ఇరుదేశములవారు సమావేశమై, ఇష్టము లేనివారిని బలవంతముగా పంపరాదని తలచిరి. ఎటు పోవలెనో తేల్చుకొనలేనివారు ఒత్తిడి లేకుండ ఆలోచించుకొనుటకై ప్రత్యేక గృహములు ఏర్పడినవి. 1957లో ఆ చట్టమును పొడిగింపక వదలివేసిరి. రామేశ్వరీ నెహ్రూ 1949లో అడిగినది అప్పటికి కొంతవరకు నెరవేరినది.

మృదులాబెన్ తరువాతి జీవితము సుఖముగా సాగలేదు. కాశ్మీరు నాయకుడు షేక్ అబ్దుల్లా ఆమెకు మిత్రుడు. 1953 ఆగస్టులో ఆయనను పదవినుండి తొలగించి నిర్బంధించినప్పుడు, అది అన్యాయమని ఆమె గట్టిగా పలికెను. పాతమిత్రులు దూరమైరి. పత్రికలు దుయ్యబట్టెను. 1958లో నివారక నిర్బంధ చట్టము క్రింద ఆమెను పట్టుకొని చెరసాలలో నుంచిరి. వారంటు అక్కరలేని చట్టముతో వేలమందిని శిబిరములకు చేర్చిన వనితయే, విచారణ అక్కరలేని చట్టముతో తాను బందీయైనది. విధి విలాసము ఇట్టిది. ఇంగ్లీషువారి చెరసాలను చూచిన ఆమె స్వతంత్ర భారతపు చెరసాలనుకూడ చూచెను. తన అభిప్రాయమును మాత్రము మార్చుకొనలేదు. 1974 అక్టోబరు 26న కన్నుమూసెను.

ఆమె చేసిన పని మన ప్రాంతమునకు పరాయిది కాదు. మన పొరుగుననున్న కోరంగి రేవునుండి ఓడలెక్కి వెనుకటి కాలమున మనవారు బర్మాకు పోయిరి. అచ్చటివారు తెలుగువారినందరను కోరంగీలనియే పిలిచిరనిన, ఈ తీరమునుండి ఎంతమంది పోయిరో ఊహింపవచ్చును. 1942లో జపానువారు బర్మాలో ప్రవేశించినప్పుడు వేలాది కుటుంబములు అడవులలో నడచి, దారిలో పలువురిని పోగొట్టుకొని వచ్చినవి. 1964లో అచ్చటి సైనిక ప్రభుత్వము అంగళ్ళను స్వాధీనము చేసికొనినప్పుడు మరల ఓడలలో వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేర ఒక పేట నేటికిని గలదు. 1996 నవంబరు 6న మన తీరమును తుపాను తాకినప్పుడు, సముద్రము మీదికి పోయిన జాలరుల ఆచూకికై ఒడ్డున ఎదురుచూచిన కుటుంబములు ఎన్నియో! ఆపద ఏదైనను మొదట అవసరమగునది అన్నము. వెంటనే అవసరమగునది పేర్ల జాబితా. ఎవరు తప్పిపోయిరి, ఎవరు దొరకిరి, ఎవరిని ఎవరు వెదకుచున్నారు అను మూడు సంగతులను ఒకచోట వ్రాసి, ప్రభుత్వ కార్యాలయమునకు, సేవాసంఘమునకు, పొరుగూరివారికి అందించుట అన్నదానముతో సమానమైన సేవ.

మన సమాజమువారు వర్తకులు. లెక్కలు వ్రాయుట, ఊరూర సంబంధములు కలిగియుండుట, అధికారులతో మాటాడుట, నమ్మకముపై పని నడుపుట మనకు పుట్టుకతో వచ్చిన విద్యలు. ఇవన్నియు విడిపోయినవారిని కలుపు పనికి కావలసినవే. వరదయో తుపానో వచ్చినప్పుడు బియ్యపు బస్తాలతోపాటు ఒక పుస్తకము, ఒక కలము పట్టుకొని యువకులు శిబిరమునకు పోవుదురుగాక. యువతులును తప్పక పోవలెను. ఆడువారి కష్టము ఆడువారే వినగలరని మృదులాబెన్ తోడివారు చూపినారు. అధికారి కాగితమును మనము తెచ్చి యిత్తము, మనము విన్న మాటను అధికారికి చేర్చుదము. కాని ఆ పుస్తకమున పేరు వ్రాయుటకు ముందు ఎదుటివారిని కూర్చుండబెట్టి, ఎచ్చటికి పోదలచితిరి, ఎవరి చెంత నుండదలచితిరి అని నెమ్మదిగా అడుగవలెను. వారు చెప్పినది మన మనస్సునకు నచ్చకున్నను దానినే వ్రాయవలెను.

భయము తీర్చుట అభయదానము. ఆ మనిషి మాటను మన్నించినప్పుడే ఆ దానము పూర్తియగును. మొదటి సగమును మృదులా సారాభాయి తన ప్రాణము పెట్టి చేసి చూపెను. రెండవ సగమును ఆమె జీవితము చదివిన మనము నేర్చుకొని ఆచరించెదము గాక.